స్టార్ పిచర్ చేజారాక: బేస్‌బాల్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు వచ్చిందంటే న్యూజెర్సీ, డల్లాస్, బే ఏరియాల్లోని తెలుగు అభిమానుల దగ్గర్నుంచి ఇవే ప్రశ్నలు. మన టీమ్ వెంటపడిన పిచర్ (క్రికెట్‌లో బౌలర్‌లా బంతి విసిరేవాడు) ఇంకెక్కడో సంతకం పెడతాడు, వెంటనే "ఇక ఈ ఏడాది అయిపోయినట్టేనా?" అంటారు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఏస్ (మేటి పిచర్) చేజారినంత మాత్రాన సీజన్ పోదు. అతడు వేయాల్సిన 180 ఇన్నింగ్స్ (ఇక్కడ ఒక ఇన్నింగ్స్ అంటే మూడు అవుట్లు) ఎవరు వేస్తారో మార్చి చివరికల్లా తేలకపోతే మాత్రం పోతుంది. కింది జవాబుల్లో ఎక్కువగా 2010లో క్లిఫ్ లీ, 2023లో యోషినోబు యమమోటో, 2024లో కార్బిన్ బర్న్స్ ఉదంతాలు వస్తాయి. డబ్బంతా కోట్ల డాలర్లలో ఇచ్చాం. ఏ ప్రశ్న దగ్గరికైనా నేరుగా వెళ్లొచ్చు.

## మార్కెట్ తెరుచుకునే ముందు

ఐపీఎల్ వేలంలా ఎక్కువ పాడినవాళ్లకే ఆటగాడు దక్కాలి కదా?

దక్కడు. ఐపీఎల్ వేలంలో చివరి పాట ఎవరిదైతే ఆటగాడు వాళ్లవాడే, అతడి ఇష్టాయిష్టాలతో పనిలేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం ముగిసి ఏ జట్టుతోనైనా చేరగల ఆటగాడు) విషయంలో చివరి మాట ఆటగాడిది. 2023 డిసెంబరులో యమమోటోకి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఇచ్చింది 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లు. వచ్చిన వార్తల ప్రకారం న్యూయార్క్ మెట్స్ కూడా సరిగ్గా అన్నేళ్లకు అంతే మొత్తం ఇస్తామంది. మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ స్వయంగా జపాన్ వెళ్లొచ్చాడు, తన ఇంట్లో విందు కూడా ఇచ్చాడు. అయినా యమమోటో లాస్ ఏంజెలెస్‌నే ఎంచుకున్నాడు. సమానంగా పాడితే గెలిచినట్టు కాదు, ఆటగాడి మనసులో రెండో స్థానంలో ఉన్న జట్టు చాలా ఎక్కువ పాడాల్సి ఉంటుంది.

ఫ్రీ ఏజెంట్ అవ్వాలంటే ఎన్నేళ్లు ఆడాలి?

మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీస్ ఉండాలి. సీజన్ సుమారు 187 రోజులు నడుస్తుంది. అందులో 172 రోజులు మేజర్ లీగ్ జాబితాలో ఉంటే ఒక ఏడాది సర్వీస్‌గా లెక్క. ఆరేళ్లు నిండి, చేతిలో ఒప్పందం లేనివాళ్లు వరల్డ్ సిరీస్ (సీజన్ చివర జరిగే టైటిల్ పోరు) ముగియగానే ఫ్రీ ఏజెంట్లు అవుతారు. కొత్త జట్టుతో సంతకం మాత్రం ఆ తర్వాత ఐదు రోజులు ఆగి చేయాలి.

జపాన్ నుంచి వచ్చే పిచర్ లెక్క వేరా?

వేరే. జపాన్ లీగ్‌లో తొమ్మిదేళ్ల సర్వీస్ నిండకముందే రావాలంటే అక్కడి క్లబ్ అతణ్ని "పోస్టింగ్" పద్ధతిలో విడుదల చేయాలి. అప్పటి నుంచి 45 రోజుల గడువు. తీసుకున్న అమెరికన్ జట్టు ఆటగాడికి ఇచ్చే డబ్బు కాకుండా జపాన్ క్లబ్‌కి విడిగా రుసుము కట్టాలి. ఒప్పందంలో మొదటి 2.5 కోట్లపై 20 శాతం, తర్వాతి 2.5 కోట్లపై 17.5 శాతం, 5 కోట్లు దాటిన మొత్తంపై 15 శాతం.

యమమోటో విషయంలో లెక్క ఇలా పడింది: 50 లక్షలు, 43.75 లక్షలు, 4.125 కోట్లు. కలిపితే అతడి జపాన్ క్లబ్ ఓరిక్స్ బఫెలోస్‌కి 5.06 కోట్ల డాలర్లు. అంటే డాడ్జర్స్ అసలు ఖర్చు 37.5 కోట్లు దాటింది. ఈ రుసుము లగ్జరీ ట్యాక్స్ (జీతాలు నిర్ణీత గీత దాటిన జట్టు కట్టే పన్ను) లెక్కలోకి రాదు. డబ్బున్న జట్లకు ఇది పెద్ద వెసులుబాటు.

వయసు 25 నిండకపోతే కథ మొత్తం మారిపోతుంది. 2025 జనవరిలో వచ్చిన రోకి ససాకికి ఆ వయసు లేదు, కాబట్టి ఏ జట్టైనా తన అంతర్జాతీయ బోనస్ కోటా దాటి ఇవ్వడానికి వీల్లేదు. డాడ్జర్స్ 65 లక్షల డాలర్ల బోనస్‌తోనే అతణ్ని తెచ్చుకుంది. ఇలాంటి పోటీలో ఓడిన జట్టు "డబ్బు పెట్టలేదు" అనడం అన్యాయం, పెట్టే వీలే లేదు.

మా ఓనర్ దగ్గర డబ్బుంది కదా, ఇంకో మూడు కోట్లు ఎందుకు కలపలేదు?

ఎందుకంటే కలిపిన ప్రతి డాలర్‌కీ పన్ను తోడవుతుంది. ఒప్పందం మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటును జట్టు జీతాల పద్దులో వేస్తారు. ఆ పద్దు 2024లో 23.7 కోట్లు, 2025లో 24.1 కోట్లు దాటితే లగ్జరీ ట్యాక్స్ మొదలు. మొదటి ఏడాది దాటితే 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. గీత దాటి 6 కోట్లు మించిపోతే దానిపై ఇంకో 60 శాతం అదనం.

2024లో మెట్స్ సరిగ్గా ఆ పైమెట్టు మీద ఉంది, వరుసగా మూడో ఏడాది కూడా. అంటే కొత్తగా వచ్చే ప్రతి డాలర్‌కీ 110 శాతం పన్ను. యమమోటో సగటు జీతం 2.71 కోట్లు, దానిపై పన్ను 2.98 కోట్లు. ఒక్క ఏడాదికి ఒక్క పిచర్‌కి 5.7 కోట్ల డాలర్లు. అంత కట్టడానికి సిద్ధపడ్డ కోహెన్‌ని పిసినారి అనడానికి మాకు నోరు రాదు.

## బేరం నడుస్తున్నప్పుడు

వార్తల్లో మా టీమ్ "ఫైనలిస్ట్" అన్నారు. అంటే దాదాపు ఖాయమనేగా?

కాదు. ఏజెంట్‌కి పోటీ ఎంత ఎక్కువ కనిపిస్తే అంత లాభం. యమమోటో రేసులో డాడ్జర్స్, మెట్స్, యాంకీస్, జెయింట్స్, రెడ్ సాక్స్, బ్లూ జేస్, ఫిలీస్ పేర్లన్నీ వినిపించాయి. ఏడింటిలో ఆరు ఓడాల్సిందే. యాంకీస్ జనరల్ మేనేజర్ బ్రయాన్ క్యాష్‌మన్ 2023 సెప్టెంబరులో యమమోటో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా దక్కని మ్యాచ్) వేసిన రోజు ఆ స్టేడియంలోనే ఉన్నాడు. అంత శ్రద్ధకీ ఫలితం దక్కలేదు.

2010 డిసెంబరులో పోటీ యాంకీస్, రేంజర్స్ మధ్యే అని అందరూ అనుకున్నారు. చివరి గంటల్లో ఎవరూ ఊహించని ఫిలడెల్ఫియా ఫిలీస్ వచ్చి క్లిఫ్ లీని ఎగరేసుకుపోయింది. "మిస్టరీ టీమ్" అన్న మాట వింటే కొట్టిపారేయకండి.

మేమే ఏడాదికి ఎక్కువ ఇస్తామన్నాం, అయినా ఎందుకు రాలేదు?

ఏడాది సగటు చూసే కంటే చేతికి ఖాయంగా వచ్చే మొత్తం చూసుకునే పిచర్లే ఎక్కువ. యమమోటోకి యాంకీస్ ఇస్తామన్నట్టు వార్తల్లో వచ్చింది 10 ఏళ్లకు 30 కోట్లు, అంటే ఏడాదికి 3 కోట్లు. డాడ్జర్స్‌ది 2.71 కోట్లే. కానీ డాడ్జర్స్ ఇచ్చిన మొత్తం 2.5 కోట్లు ఎక్కువ, ఏళ్లు రెండు ఎక్కువ, అందులో 5 కోట్లు సంతకం బోనస్. భుజం, మోచేయి ఎప్పుడు దెబ్బతింటాయో తెలియని వృత్తిలో ఖాయమైన మొత్తానికి ఉండే బరువే వేరు.

డబ్బు కాని కారణాలూ గట్టివే. బర్న్స్‌కి బాల్టిమోర్ ఓరియోల్స్ నాలుగేళ్లకు 18 కోట్లు, అంటే ఏడాదికి 4.5 కోట్లు ఇస్తామందని వార్తలొచ్చాయి. అతడు ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్‌తో ఆరేళ్లకు 21 కోట్లకు సంతకం పెట్టాడు. కుటుంబం స్కాట్స్‌డేల్‌లో ఉంటోంది, ఇంట్లో చంటిపిల్లలు. హోమ్ మ్యాచ్‌లన్నిటికీ రాత్రి ఇంటికి వెళ్లి పడుకునే అవకాశాన్ని ఏ జట్టూ చెక్కు రాసి కొనలేదు.

రాష్ట్ర పన్ను కూడా చూస్తారు. టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లలో జీతం మీద రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. కాలిఫోర్నియాలో పైశ్లాబు 13 శాతం దాటుతుంది. అయినా యమమోటో కాలిఫోర్నియాకే వెళ్లాడంటే పన్ను ఒక్కటే నిర్ణయించదని అర్థమవుతోంది.

ఆప్ట్-అవుట్ ఇచ్చేస్తే సరిపోయేదిగా?

ఆప్ట్-అవుట్ అంటే ఒప్పందం మధ్యలో ఆటగాడు తనంతట తాను బయటికి వెళ్లి మళ్లీ మార్కెట్‌లో నిలబడే హక్కు. బాగా ఆడితే వెళ్లిపోతాడు, గాయపడితే ఉండిపోతాడు. రెండు వైపులా నష్టం జట్టుదే. అందుకే స్టార్లు అడుగుతారు, జట్లు వెనకాడతాయి. యమమోటోకి 2029, 2031 సీజన్ల తర్వాత, బర్న్స్‌కి 2026 తర్వాత ఈ హక్కు ఉంది. ఒక ఏడాది ముందుకో వెనక్కో జరపడం మీదే రోజుల తరబడి బేరం నడిచే సందర్భాలుంటాయి.

డబ్బు తర్వాత ఇచ్చే పద్ధతితోనే డాడ్జర్స్ అందర్నీ లాగేస్తోందా?

డాడ్జర్స్ స్టార్ షోహెయ్ ఒహ్తానీ విషయంలో అవును. 10 ఏళ్లకు 70 కోట్లలో 68 కోట్లు ఒప్పందం ముగిశాక చెల్లిస్తారు. అందువల్ల పన్ను పద్దులో ఏడాదికి 7 కోట్లకు బదులు సుమారు 4.6 కోట్లే పడుతుంది. యమమోటో ఒప్పందంలో అలాంటి వాయిదా లేదు. ఈ వాయిదాల వెసులుబాటు రూల్ ప్రకారం 30 జట్లకూ ఉంది.

## చేజారిన వారం

సంతకం వార్త వచ్చింది, కానీ ఇంకా అధికారికం కాలేదు. ఆశ ఉందా?

చాలా తక్కువ. వార్తకీ ప్రకటనకీ మధ్య వైద్య పరీక్ష ఉంటుంది. యమమోటో వార్త డిసెంబరు 21న వచ్చింది, జట్టు ప్రకటించింది 27న. ఆ కొద్ది రోజుల్లో భుజం, మోచేయి ఎంఆర్ఐలు చూస్తారు. ఎక్కువ ఒప్పందాలు ఇక్కడ సాఫీగా దాటేస్తాయి.

దాటని సందర్భాలూ ఉన్నాయి. 2022 డిసెంబరులో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) కార్లోస్ కొరియాకి జెయింట్స్‌తో 13 ఏళ్ల, 35 కోట్ల ఒప్పందం కాలి నివేదిక దగ్గర ఆగిపోయింది, తర్వాత మెట్స్‌తో 31.5 కోట్లదీ ఆగింది, చివరికి ట్విన్స్‌తో ఆరేళ్లకు 20 కోట్లకు కుదిరింది. పిచర్ల వైద్య నివేదికల మీద జట్లు ఎంత పట్టుదలగా ఉంటాయో భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ ఉదంతం చూస్తే తెలుస్తుంది: 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ప్రక్రియ) పదో స్థానంలో ఎంచుకున్న మెట్స్, పరీక్షల తర్వాత అతడితో సంతకమే చేయలేదు. ఏడాది తర్వాత రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది.

వెళ్లిపోయినవాడు మా పిచరే. మాకు ఏమీ రాదా?

రావచ్చు, క్వాలిఫయింగ్ ఆఫర్ ఇచ్చి ఉంటే. సీజన్ ముగిశాక జట్టు తన పిచర్‌కి ఒక ఏడాదికి నిర్ణీత మొత్తం ఇస్తామని చెబుతుంది. లీగ్‌లో అత్యధిక జీతాలున్న 125 మంది సగటే ఆ మొత్తం. 2025 సీజన్‌కి అది 2.105 కోట్లు. అతడు కాదని వేరే జట్టుకి వెళితే పాత జట్టుకి అదనపు డ్రాఫ్ట్ పిక్ దక్కుతుంది.

ఆ పిక్ ఎక్కడ వస్తుందన్నది జట్టు ఆర్థిక స్థితిని బట్టి. లీగ్ ఆదాయ పంపిణీలో సాయం పొందే జట్టై, ఆటగాడి కొత్త ఒప్పందం 5 కోట్లకు తగ్గకపోతే మొదటి రౌండ్ ముగియగానే వస్తుంది. బర్న్స్ వెళ్లాక ఓరియోల్స్‌కి దక్కింది ఇదే. లగ్జరీ ట్యాక్స్ కట్టిన జట్టుకైతే నాలుగో రౌండ్ తర్వాతే, దానికి విలువ తక్కువ.

రెండు మెలికలు మరిచిపోవద్దు. సీజన్ మధ్యలో ట్రేడ్‌లో తెచ్చుకున్న పిచర్‌కి ఈ ఆఫర్ ఇవ్వలేరు. గతంలో ఒకసారి అందుకున్నవాడికీ ఇవ్వలేరు. ఈ రెండు సందర్భాల్లో అతడు వెళ్లిపోతే జట్టుకి మిగిలేది ఖాళీ లాకరే.

ఏస్ దొరకలేదు సరే, ఇప్పుడు అసలు ఏం కొనాలి?

ఇన్నింగ్స్ కొనాలి. ఈ పేజీలో మేం గట్టిగా చెప్పదలచింది ఇదే.

162 మ్యాచ్‌ల సీజన్‌లో జట్టు మొత్తం సుమారు 1,440 ఇన్నింగ్స్ వేయాలి. ఈ రోజుల్లో స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) సగటున ఐదు ఇన్నింగ్స్‌కి కాస్త పైగా వేస్తున్నాడు, కాబట్టి స్టార్టర్ల వాటా 850 ప్రాంతం. మంచి ఏస్ 32 మ్యాచ్‌లు మొదలుపెట్టి 180 నుంచి 195 వేస్తాడు. 2024లో బర్న్స్ 194 వేశాడు. రొటేషన్‌లో (వంతులవారీగా వేసే ఐదుగురు స్టార్టర్లలో) మిగిలిన నలుగురూ గాయపడకుండా 150 చొప్పున వేసినా 600. నలుగురూ గాయపడకుండా ఉండటం దాదాపు ఎప్పుడూ జరగదు.

కాగితం తీసుకుని ఇలా వేయండి. జట్టులో ఉన్న ప్రతి స్టార్టర్ పేరు రాసి, గత రెండేళ్ల ఇన్నింగ్స్‌లో తక్కువదాన్ని ఎదురుగా రాయండి. ఎక్కువదాన్ని రాస్తే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే. ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవాడికి మొదటి ఏడాది 100కి మించి వేయకండి. మొత్తాన్ని 850 నుంచి తీసేస్తే వచ్చేదే జట్టు కొనాల్సిన లోటు. అది 200 దాటితే ఒక్క మనిషితో తీరదు, ఇద్దరు కావాలి.

మెట్స్ 2024లో సరిగ్గా ఇదే చేసింది. లూయిస్ సెవెరినోకి ఏడాదికి 1.3 కోట్లు, షాన్ మనాయాకి రెండేళ్లకు 2.8 కోట్లు. ఇద్దరూ కలిసి సుమారు 364 ఇన్నింగ్స్ వేశారు. సెవెరినో ఈఆర్ఏ (ఫీల్డర్ల తప్పిదాలతో వచ్చినవి పోగా తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువుంటే మేలు) 3.91, మనాయాది 3.47. మనాయా జూలై చివర్లో మరో పిచర్ క్రిస్ సేల్ బంతులు వేయడం చూసి తన చేతి కోణాన్ని కిందికి దించాడు, అక్కడి నుంచి బ్యాటర్లకు దొరకలేదు. ఆ జట్టు 89 మ్యాచ్‌లు గెలిచి లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ దాకా వెళ్లింది.

మరి ఓరియోల్స్ కూడా ఇద్దర్ని కొంది కదా, అక్కడెందుకు బెడిసికొట్టింది?

బర్న్స్ వెళ్లాక ఓరియోల్స్ 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌ని 1.5 కోట్లకు, 35 ఏళ్ల తొమొయుకి సుగానోని 1.3 కోట్లకు తెచ్చుకుంది. చూడటానికి మెట్స్ పద్ధతిలాగే ఉంది. తేడా ఉన్నది మిగిలిన రొటేషన్‌లో. కైల్ బ్రాడిష్ మోచేయి ఆపరేషన్ నుంచి ఇంకా కోలుకుంటున్నాడు. గ్రేసన్ రోడ్రిగెజ్ గాయాలతో 2025లో మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. లోటు ఇద్దరితో తీరేది కాదు. మార్చిలో హడావిడిగా కైల్ గిబ్సన్‌ని తెచ్చి, నాలుగు మ్యాచ్‌లకే మేలో వదిలేశారు. అదే నెల మేనేజర్ బ్రాండన్ హైడ్ ఉద్యోగమూ పోయింది. ముందటేడు 91 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 75తో ఆగింది.

ఏస్ కోసం దాచిన డబ్బు రెండో వరుస పిచర్‌కి ఇచ్చేస్తే తప్పేంటి?

మొత్తం పెద్దదైతే తప్పే. ఏస్ పోయిన వారంలో మిగిలిన పిచర్ల ఏజెంట్లకు మీ జట్టు అవసరం తెలిసిపోతుంది, ధర పెరుగుతుంది. లీ చేజారాక యాంకీస్ 2011 జనవరిలో రిలీవర్ (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్) రఫాయెల్ సొరియానోకి మూడేళ్లకు 3.5 కోట్లు ఇచ్చి, పైగా మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ వదులుకుంది. ఆ కొనుగోలు తనకిష్టం లేదని క్యాష్‌మన్ బహిరంగంగానే చెప్పాడు. యమమోటో పోయాక మార్కస్ స్ట్రోమన్‌కి రెండేళ్లకు 3.7 కోట్లు ఇచ్చారు. మొదటి ఏడాది 4.31 ఈఆర్ఏతో నెట్టుకొచ్చాడు, రెండో ఏడాది ఆగస్టు మొదట్లో జట్టే వదిలేసింది.

ఏళ్లు తక్కువుండేలా చూసుకోవడమే దీనికి విరుగుడు. ఏడాది ఒప్పందం చెడితే ఒక్క ఏడాదే పోతుంది.

ట్రేడ్‌లో తెచ్చుకోవడం మేలా?

మంచి కుర్రాళ్లు చేతిలో ఉంటే మేలే. ట్రేడ్‌లో డబ్బుకు బదులు భవిష్యత్తు ఖర్చవుతుంది. 2024 ఫిబ్రవరిలో ఓరియోల్స్ బర్న్స్‌ని బ్రూవర్స్ నుంచి తెచ్చుకోవడానికి జోయీ ఓర్టిజ్, డీఎల్ హాల్, ఒక డ్రాఫ్ట్ పిక్ ఇచ్చింది. దక్కింది ఒకే ఒక్క సీజన్. అవతలి పిచర్‌కి ఇంకా రెండు మూడేళ్ల నియంత్రణ (ఫ్రీ ఏజెంట్ కాకుండా జట్టుకే కట్టుబడి ఉండే గడువు) ఉంటే ధర రెట్టింపవుతుంది, కానీ ఏస్ చేజారిన జట్టుకి అసలు కావాల్సింది అలాంటివాడే.

ఇక్కడ ఒక చిక్కుంది. 2023 డిసెంబరు మొదట్లో బ్యాటర్ హువాన్ సోటో కోసం యాంకీస్ మైకేల్ కింగ్‌తో సహా నలుగురు పిచర్లను ఇచ్చేసింది. రెండు వారాల తర్వాత యమమోటో చేజారేసరికి ట్రేడ్‌కి పెట్టడానికి పిచర్లు మిగల్లేదు. ఆ సోటో బ్యాటే జట్టుని వరల్డ్ సిరీస్‌కి తీసుకెళ్లింది కాబట్టి ఆ ట్రేడ్‌ని మేం తప్పుపట్టం.

ఫిబ్రవరి, మార్చి దాకా ఆగితే పెద్ద పేర్లు చౌకగా దొరుకుతాయంటారు, నిజమేనా?

ధర తగ్గడం నిజం. కానీ ఏప్రిల్, మే నెలల్లో అసలూ వడ్డీ కట్టాలి. పిచర్లు ఫిబ్రవరి మధ్యలో క్యాంపుకి వస్తారు. మొదటి మ్యాచ్‌లో ఒకటి రెండు ఇన్నింగ్స్, అక్కడి నుంచి ఐదు రోజులకోసారి కొంచెం కొంచెం పెంచుతూ ఆరు వారాల్లో 85, 90 బంతులకు చేరతారు. మార్చి మూడో వారంలో వచ్చినవాడికి ఆ ఆరు వారాలు ఉండవు.

2024లో బ్లేక్ స్నెల్ మార్చి ద్వితీయార్ధంలో జెయింట్స్‌తో రెండేళ్లకు 6.2 కోట్లకు సంతకం పెట్టాడు. మొదటి ఆరు మ్యాచ్‌ల్లో ఈఆర్ఏ 9.51, మధ్యలో గాయాలు. జూలైలో తిరిగొచ్చాక ఎదురులేకుండా వేశాడు, ఆగస్టు 2న నో-హిట్టర్ కూడా. అప్పటికి జట్టు వెనకబడిపోయింది. అదే ఏడాది మార్చి నెలాఖరులో ఆరిజోనాకి వచ్చిన జోర్డాన్ మాంట్‌గోమరీ సీజన్ మొత్తం కోలుకోలేదు, 6.23తో ముగించాడు. ఆలస్యంగా కొంటే అతణ్ని మే వరకు లెక్కలో వేసుకోకండి.

## సీజన్ మొదలయ్యాక

జట్టులోనే ఉన్న కుర్రాడు ఆ లోటు తీర్చగలడా?

తీర్చిన ఉదాహరణలు చాలానే ఉన్నాయి. 2024 మార్చిలో ఏస్ గెరిట్ కోల్ మోచేయి నొప్పితో ఆగిపోతే యాంకీస్ రొటేషన్‌లో చోటు లూయిస్ గిల్‌కి దక్కింది. అతడు 15 గెలిచి అమెరికన్ లీగ్ ఉత్తమ రూకీ (కొత్త ఆటగాడు) అయ్యాడు. 2011లో లీ లేని టెక్సస్ రేంజర్స్, రిలీవర్‌గా ఉన్న అలెక్సీ ఒగాండోని స్టార్టర్‌గా మార్చింది. 169 ఇన్నింగ్స్, 3.51 ఈఆర్ఏ.

జాగ్రత్త పడాల్సింది ఆగస్టులో. ముందటేడు 70 ఇన్నింగ్స్ వేసిన చేయి ఈ ఏడాది 150 దాటుతుంటే వేగం ఒకటి రెండు మైళ్లు పడిపోవడం, బంతి ఎత్తుగా వెళ్లడం మొదలవుతుంది. ఒగాండో కూడా సీజన్ రెండో సగంలో నెమ్మదించాడు. కుర్రాడి మీద ఆధారపడ్డ జట్టు జూలైలో ఇంకో స్టార్టర్ని తెచ్చుకోవాల్సిందే.

జూలై ట్రేడ్ గడువులో తెచ్చుకుంటే సరిపోదా?

అప్పటికి పోటీలో ఉంటే సరిపోతుంది. క్లిఫ్ లీనే ఉదాహరణ. 2010 జూలైలో రేంజర్స్ అతణ్ని మెరైనర్స్ నుంచి తెచ్చుకుని వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది. గడువు సాధారణంగా జూలై ఆఖర్లో ఉంటుంది. ఆ తర్వాత మిగిలేది రెండు నెలలు, అంటే ఒక స్టార్టర్‌కి 11 లేదా 12 మ్యాచ్‌లు, 65, 70 ఇన్నింగ్స్. ప్లేఆఫ్ కోసం కొంటున్నారా, ప్లేఆఫ్‌కి చేరడం కోసం కొంటున్నారా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండోదైతే జూన్‌లోనే కొనాలి.

## ఏళ్లు గడిచాక చూస్తే

చేజారడమే మంచిదైందని ఎప్పుడు తెలుస్తుంది?

నాలుగైదేళ్లకు. 2010లో 32 ఏళ్ల లీకి యాంకీస్ ఏడేళ్లకు 14.8 కోట్ల దాకా ఇస్తామందని వార్తలొచ్చాయి. ఫిలీస్ ఐదేళ్లకు 12 కోట్లకు దక్కించుకుంది. 2011లో అతడి ఈఆర్ఏ 2.40, ఆరు షట్‌అవుట్లు (ఒక్క పరుగూ ఇవ్వకుండా మొత్తం తనే వేసిన మ్యాచ్‌లు). ఫిలీస్ 102 గెలిచింది. యాంకీస్ అభిమానులకు ఆ ఏడాది కడుపు మండిన మాట నిజం. తీరా చూస్తే ఫిలీస్ మొదటి సిరీస్‌లోనే కార్డినల్స్ చేతిలో ఓడింది.

2014 జూలై 31 లీ ఆఖరి మ్యాచ్. మోచేయి దెబ్బకి 2015 అంతా కూర్చున్నాడు. ఆ ఏడాది జీతం 2.5 కోట్లు, ఒప్పందం ముగింపు రుసుము 1.25 కోట్లు ఫిలీస్ కట్టాల్సి వచ్చింది. యాంకీస్ ఒప్పందమే కుదిరి ఉంటే 2017 దాకా కట్టేది.

మరి 2011లో యాంకీస్ ఏం చేసింది? బార్తొలో కొలోన్, ఫ్రెడీ గార్సియా ఇద్దర్నీ మైనర్ లీగ్ ఒప్పందాలతో (మేజర్ లీగ్ జట్టులో చోటుకి హామీ లేనివి) తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి 311 ఇన్నింగ్స్ వేశారు. జట్టు 97 గెలిచి డివిజన్ నెగ్గింది. లీని పోగొట్టుకున్న రేంజర్స్ ఆ డబ్బుతో ఏడ్రియన్ బెల్ట్రేని ఐదేళ్లకు 8 కోట్లకు తీసుకుని, 90 విజయాల నుంచి 96కి ఎదిగి, మళ్లీ వరల్డ్ సిరీస్‌కి వెళ్లింది.

యమమోటో విషయంలోనూ అలాగే అంటారా?

అనం. ఇది నిజంగా నొప్పి పెట్టిన నష్టం. మొదటి ఏడాది భుజం గాయంతో 90 ఇన్నింగ్సే వేసినా అక్టోబరుకి తిరిగొచ్చాడు. ఆ నెల డాడ్జర్స్ మెట్స్‌ని, తర్వాత వరల్డ్ సిరీస్‌లో యాంకీస్‌ని ఓడించింది. సిరీస్ రెండో మ్యాచ్‌లో యమమోటో యాంకీస్‌కి ఆరు పైచిలుకు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు, అది సోటో కొట్టిన హోమ్ రన్.

2025లో 2.49 ఈఆర్ఏ. వరల్డ్ సిరీస్‌లో, అతడి వెంటపడిన జట్లలో ఒకటైన బ్లూ జేస్ మీదే మూడు మ్యాచ్‌లు గెలిచాడు. రెండో మ్యాచ్ మొత్తం తనే వేశాడు. ఆరో మ్యాచ్‌లో 96 బంతులు వేసి, మర్నాడే ఏడో మ్యాచ్‌లో రిలీవర్‌గా వచ్చి చివరి ఎనిమిది అవుట్లు తీశాడు. సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతడే. 25 ఏళ్లకే ఫ్రీ మార్కెట్‌లోకి వచ్చే ఏస్ అరుదు, 32 ఏళ్ల పిచర్‌తో అతణ్ని పోల్చి ఓదార్చుకోవడం కుదరదు.

బర్న్స్ గాయపడ్డాడు కదా, అంటే ఓరియోల్స్ అదృష్టవంతులా?

డబ్బు లెక్కలో అవును. 11 మ్యాచ్‌లకే, 2.66 ఈఆర్ఏతో ఉన్నప్పుడు, 2025 జూన్‌లో అతడికి టామీ జాన్ (మోచేయి లిగమెంట్) ఆపరేషన్ జరిగింది. దాని తర్వాత మళ్లీ మౌండ్ ఎక్కడానికి ఏడాదికి పైగా పడుతుంది. కానీ ఓరియోల్స్ 2025 సీజన్ పాడైంది బర్న్స్ లేకపోవడం వల్ల మాత్రమే కాదు, అతడి చోటుని సరిగ్గా నింపకపోవడం వల్ల.

ఈసారి మిగిలిన డబ్బు వచ్చే శీతాకాలం పెడతారా?

అలా ఏ నియమమూ లేదు. ఆ నిర్ణయం యజమానిది. యాంకీస్ 2024 డిసెంబరులో సోటో మెట్స్‌కి వెళ్లిపోగానే, రోజుల్లోనే ఎడమచేతి పిచర్ మాక్స్ ఫ్రీడ్‌కి ఎనిమిదేళ్లకు 21.8 కోట్లు ఇచ్చింది. 2025లో అతడు 19 గెలిచాడు, ఈఆర్ఏ 2.86. మార్చిలోనే కోల్‌కి మోచేయి ఆపరేషన్ అయిన ఏడాది అది. ఫ్రీడ్ లేకపోతే ఆ రొటేషన్ నిలబడేది కాదు.

జట్ల, ఆటగాళ్ల మధ్య ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. లగ్జరీ ట్యాక్స్ గీతలు, క్వాలిఫయింగ్ ఆఫర్ నియమాలు అన్నీ అందులోవే, కాబట్టి పైన ఇచ్చిన శాతాలు ఆ తేదీ వరకే వర్తిస్తాయి.